ముసలి లాబ్రడార్‌కి ఊపిరి ఆడకపోతే: ఇంట్లో చూసుకోవాల్సినవి

మీ ఇంట్లో తొమ్మిది, పదేళ్ళు దాటిన లాబ్రడారో, గోల్డెన్ రిట్రీవరో, సెయింట్ బెర్నార్డో ఉంటే ఈ రాత్రి టీవీ కట్టేసి, దాని పక్కన కాసేపు కూర్చుని ఊపిరి వినండి. శబ్దం గాలి పీల్చేటప్పుడు వస్తోందా, వదిలేటప్పుడు వస్తోందా అన్నది గమనించండి. పీల్చేటప్పుడు గొంతులోంచి గరగరమనో, ఈల వేసినట్టో వస్తుంటే, అది నిద్ర గురక కాకుండా మెలకువగా ఉన్నప్పుడు కూడా వస్తుంటే, "వయసైపోయింది కదా" అని వదిలేయకండి. చాలామంది అలాగే వదిలేస్తారు. ఆ తర్వాత ఒక మే నెల మధ్యాహ్నం కుక్క కుప్పకూలిపోతుంది.

నేను విజయవాడలో ఉంటాను. బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. మా జూలీ పసుపు రంగు లాబ్రడార్, పదకొండేళ్ళది. దానికి లారింజియల్ పెరాలిసిస్, అంటే స్వరపేటికకి పక్షవాతం అని తేలింది. డాక్టర్లని విసిగించి అడిగి తెలుసుకున్నదీ, ఇంట్లో రోజూ చేస్తున్నదీ ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు కాబట్టి మందుల మోతాదులు రాయను, ఫోన్ చేసి అడిగినా చెప్పను.

ముందు గొంతులో జరిగేది అర్థం చేసుకోవాలి. అది అర్థమైతే మిగతావన్నీ మీకే తోస్తాయి. శ్వాసనాళం మొదట్లో, స్వరపేటిక దగ్గర, రెండు మృదులాస్థులు తలుపు రెక్కల్లా ఉంటాయి. గాలి పీల్చినప్పుడు అవి తెరుచుకోవాలి, అన్నం మింగేటప్పుడు మూసుకోవాలి. వాటిని తెరిచే కండరానికి మెదడు నుంచి వచ్చే నరం చాలా పొడవు. మెడలోంచి ఛాతీ దాకా దిగి, మళ్ళీ వెనక్కి తిరిగి గొంతు దగ్గరికి వస్తుంది. పెద్ద జాతి కుక్కల్లో ముసలితనంలో ఈ నరం నెమ్మదిగా దెబ్బతింటుంది. రెక్కలు సగం మూసుకునే ఉండిపోతాయి. ఎంత గట్టిగా పీలిస్తే అంత లోపలికి లాక్కుపోయి దారి ఇంకా ఇరుకవుతుంది.

ఇక్కడే మన ఎండలతో చిక్కు. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడం ద్వారానే అది వేడి బయటికి పంపుకుంటుంది. గొంతు ఇరుకైన కుక్క రొప్పితే గాలి సరిగా ఆడదు, పైగా ఆ శ్రమకే ఒళ్ళు వేడెక్కుతుంది. వేడెక్కితే ఇంకా రొప్పుతుంది. గాలి రాపిడికి గొంతు లోపల వాపు వస్తుంది, దారి మరింత ఇరుకవుతుంది. ఈ చక్రం తిరగడం మొదలైతే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మన పనంతా ఒకటే. ఆ ఇరుకు గొంతు ఇవ్వగలిగినంత గాలితోనే కుక్కకి రోజు గడిచిపోవాలి. అంతకంటే ఎక్కువ గాలి అవసరమయ్యే పరిస్థితి రానివ్వకూడదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు

మొదట మారేది చాలావరకు మొరుగుడు. గొంతు బొంగురుపోతుంది, లేదా మొరిగితే పేలవంగా వస్తుంది. మా వాచ్‌మన్ నాకంటే ముందు పట్టుకున్నాడు, "అమ్మా, జూలీకి జలుబు చేసిందా?" అని. తర్వాత నీళ్ళు తాగేటప్పుడు పొలమారడం, అన్నం తిన్నాక దగ్గడం, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కక్కబోవడం. వాకింగ్‌లో సగం దారిలో కూర్చుండిపోవడం. వెనక కాళ్ళు కొద్దిగా ఈడవడం. కాళ్ళకీ గొంతుకీ ఏం సంబంధం అనిపిస్తుంది గానీ ఉంది. ముసలితనంలో వచ్చే ఈ రకం జబ్బు గొంతు ఒక్కదానిది కాదు, ఒంట్లో నరాలన్నిటినీ నెమ్మదిగా పట్టేది. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బ్రైడన్ స్టాన్లీ అనే సర్జన్ బృందం ఇలాంటి కుక్కల్ని వరసగా పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. అన్నవాహిక కూడా సరిగా పనిచేయడం లేదని వాళ్ళు చూపించారు. మొదట్లో కాళ్ళు బాగానే ఉన్న కుక్కలకి కూడా ఏడాది తిరిగేసరికి నరాల బలహీనత కనిపించింది.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. కుక్క నిలబడి ఉన్నప్పుడు కడుపు కింద చెయ్యేసి బరువు కాస్త ఆపి, వెనక పాదాన్ని మెల్లిగా మడిచి పైభాగం నేలకి ఆనేలా పెట్టండి. నరాలు బాగుంటే వెంటనే తిప్పి సరిగా పెట్టుకుంటుంది. ఆలస్యం చేస్తే, లేదా అలాగే వదిలేస్తే, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. వెనక పాదాల్లో మధ్య వేళ్ళ గోళ్ళు పైన అరిగి ఉన్నాయేమో కూడా చూడండి.

అన్నిటికంటే పనికొచ్చేది ఫోన్‌లో వీడియో. ఏసీ గదిలో, బల్ల మీద, భయంతో బిగుసుకుపోయిన కుక్కలో డాక్టరుకి ఏమీ కనిపించకపోవచ్చు. నడిచి వచ్చాక ఊపిరి, నీళ్ళు తాగాక దగ్గు, మొరుగుడు, మూడూ విడివిడిగా శబ్దంతో సహా తీసి చూపించండి. పాత వీడియోల్లో కుక్క మొరిగింది ఉంటే అది కూడా పట్టుకెళ్ళండి. రెండూ పక్కపక్కన వింటే తేడా ఇట్టే తెలుస్తుంది.

నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఛాతీ లేచి దిగితే ఒకటి. గాఢనిద్రలో ముప్ఫై లోపు ఉండాలి. రోజూ ఇరవై ఉండేది ఒకరోజు నలభైకి పోయిందంటే ఊపిరితిత్తుల్లో ఏదో జరుగుతోందన్న మాట.

దగ్గు అనగానే కొన్నిచోట్ల సిరప్ రాసిచ్చి పంపేస్తారు. ఈ జబ్బున్న కుక్కకి నోట్లో సిరప్ పోయడమే ప్రమాదం, అది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. ఇంట్లో ఉన్న మన మందులు అసలు వేయకండి. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కలకి విషంతో సమానం.

రోగం తేల్చడానికి గొంతులోకి చూడాల్సిందే. తేలికపాటి మత్తు ఇచ్చి, నోరు తెరిచి, కుక్క తనంతట తాను ఊపిరి తీస్తుండగా ఆ రెక్కలు తెరుచుకుంటున్నాయా అని చూస్తారు. మత్తు ఎక్కువైతే మంచి గొంతు కూడా కదలదు. అందుకే కొందరు ఊపిరిని ప్రేరేపించే డాక్సాప్రామ్ అనే ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. పక్కన ఒకరు నిలబడి ఛాతీ చూస్తూ "పీల్చింది, వదిలింది" అని పైకి చెప్పాలి. ఎందుకంటే పక్షవాతం వచ్చిన రెక్కలు గాలి వదిలేటప్పుడు ఆ ఒత్తిడికి తెరుచుకుని, బాగానే కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఇవన్నీ అడిగితే డాక్టరు కోప్పడతారేమో అని జంకకండి. తెలిసిన డాక్టరు సంతోషిస్తారు. ఛాతీ ఎక్స్‌రే, థైరాయిడ్ రక్త పరీక్ష కూడా చేయించండి. మెడలో గడ్డ ఉందేమో, కండరాలు ఇట్టే అలసిపోయే మయస్తీనియా గ్రేవిస్ లాంటి వేరే జబ్బు ఉందేమో చూడమని అడగండి. థైరాయిడ్ తక్కువుంటే మాత్రలు వేయాల్సిందే గానీ, వాటితో గొంతు మళ్ళీ తెరుచుకుంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇంత చూడగలిగిన చోటు మీ ఊళ్ళో లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగండి. మాకు గన్నవరం దగ్గర. హైదరాబాద్ వాళ్ళకి రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్ళకి తిరుపతి, నెల్లూరు వైపు వాళ్ళకి చెన్నైలో వేపేరి. వేసవిలో అయితే తెల్లవారుజామునే బయల్దేరి, ఓపీ వరసలో ఎండలో నిలబడకుండా చూసుకోండి. ఒకరు చీటీ రాయించుకుంటుంటే కుక్కతో ఇంకొకరు ఏసీ నడుస్తున్న కారులోనే ఉండాలి.

ఇంట్లో మార్చాల్సినవి

మెడకి కట్టే బెల్టు ఈరోజే తీసేయండి. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి, గొంతు మీద పట్టీ రాకుండా చూసుకుని. పేరు, ఫోన్ నంబర్ బిళ్ళని దానికే తగిలించొచ్చు.

తర్వాత బరువు. మన ఇళ్ళలో లాబ్రడార్లు చాలావరకు లావే. పక్కటెముకల మీద చెయ్యి రాస్తే ఎముకలు వేళ్ళకి తగలాలి. పైకి కనిపించనక్కర్లేదు గానీ తడిమితే తెలియాలి. తెలియకపోతే అన్నం తగ్గించండి. మావారు టీ తాగుతూ బిస్కెట్లు వేస్తూ ఉండేవారు. మాన్పించడానికి గొడవలు పడలేదు, బిస్కెట్ల డబ్బా ఇంట్లో లేకుండా చేశాను. ఆపరేషన్ లేకుండానే ఊపిరి కాస్త తేలికపడే మార్గం ఏదైనా ఉందంటే బరువు తగ్గడమే. నడక తగ్గుతుంది కాబట్టి తిండి తగ్గించే ఆ పని చేయాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, కానీ కోస్తాలో నాకు అంతకంటే భయం ఉక్కపోత. గాల్లో తేమ ఎక్కువైతే రొప్పినా వేడి పోదు. అందుకే విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు ఎయిర్ కూలర్ పెట్టి "చల్లగానే ఉంది కదా" అనుకోవద్దు. అది గదిలో తేమ ఇంకా పెంచుతుంది. ఏసీ ఉన్న గదిని మధ్యాహ్నం పూట కుక్కకి కూడా ఇవ్వండి. కరెంటు పోతే ఇన్వర్టర్ ఏసీని లాగదు కాబట్టి, నేల మీద నీళ్ళు చల్లి, టేబుల్ ఫ్యాన్ కింద పెట్టి, కిటికీలు తెరవండి. గంట దాటినా కరెంటు రాకపోతే నేనైతే జూలీని కారెక్కించి ఏసీ వేస్తాను. పెట్రోలు ఖర్చని సణిగేవాళ్ళు సణుగుతారు.

వాకింగ్ తెల్లవారకముందే. మేం బందరు కాలువ గట్టు మీద పావుగంట నడుస్తాం, అంతే. సూర్యుడు దిగాక సాయంత్రం ఆరింటికి రోడ్డు చల్లబడిందనుకుంటారు. అరచేతి వెనకభాగం తారు మీద ఆనించి చూడండి, ఐదు సెకన్లు ఉంచలేకపోతే కుక్కని తీసుకెళ్ళొద్దు.

ఎండ తర్వాత ఊపిరికి శత్రువు ఉద్రేకం. చుట్టాలు రావడం, పార్సిల్ కుర్రాడు బెల్లు కొట్టడం, ఎదురింటి కుక్క, వినాయక చవితి ఊరేగింపు డీజే, దీపావళి టపాసులు. మేం కాలింగ్ బెల్లు తీసేసి గేటుకి "కుక్కకి ఒంట్లో బాలేదు, దయచేసి ఫోన్ చేయండి" అని రాసి తగిలించాం. చుట్టాలు వచ్చేముందే జూలీ లోపలి గదిలో ఉంటుంది, వాళ్ళు కూర్చుని టీ తాగడం మొదలుపెట్టాక బయటికి వస్తుంది. పండగలకి ముందే డాక్టరుని అడిగి, మనసు కుదుటపరిచే మాత్ర ఏదైనా రాయించుకోండి. టపాసులు మొదలయ్యాక వేస్తే ఏం లాభం, పని చేయడానికి టైం పడుతుంది. మొదటిసారి పండగ రోజున కాకుండా, ముందే ఒక మామూలు రోజున డాక్టరు చెప్పినంత వేసి, ఎలా ఉంటుందో చూసుకోండి.

ముద్దలు

తిండి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, మన ఇళ్ళలో తప్పంతా ఇక్కడే జరుగుతుంది. మనం కుక్కకి పెట్టేది పెరుగన్నం. పలచగా, మెతుకులు తేలుతూ. అది నాకుతూ తాగేటప్పుడు మెతుకులూ నీళ్ళూ కలిసి గొంతులోకి పోతాయి, రెక్కలు సరిగా మూసుకోని గొంతు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన అన్నం, నీళ్ళు న్యుమోనియా తెస్తాయి. ఈ జబ్బులో ఊపిరాడక పోయే కుక్కలతో పాటు ఈ న్యుమోనియాతో పోయేవీ ఉన్నాయి. పొడిపొడిగా రాలే డాగ్ ఫుడ్ గింజలు, రస్కు పొడి, పాలలో నానేసిన బ్రెడ్డు కూడా ఇలాంటివే.

చేయాల్సింది గోరుముద్దలు. అన్నం మెత్తగా వండి, ఉడికించిన చికెన్ ఎముకలు లేకుండా సన్నగా చీల్చి, ఉడికిన గుమ్మడికాయ కలిపి గట్టిగా పిసకాలి. ముద్ద విడిపోకూడదు, నీరు కారకూడదు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేయొద్దు, కుక్క రక్తానికి మంచివి కావు. పెద్ద నిమ్మకాయంత ముద్దలు చేసి, ఒకటి మింగాకే ఇంకొకటి చేతికి తీసుకోండి. డాగ్ ఫుడ్డే అలవాటైతే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, నీళ్ళు వంచేసి, అదీ ముద్ద చేయండి. రోజుకి రెండుసార్లు పెట్టేదాన్ని మూడు నాలుగు సార్లు చేయండి. వాకింగ్ నుంచి రొప్పుతూ వచ్చిన కుక్కకి అన్నం పెట్టొద్దు, ఊపిరి కుదుటపడేదాకా ఆగండి. తిన్నాక కాసేపు కూర్చోబెట్టండి, వెంటనే పడుకోనివ్వకండి. నీళ్ళు కొద్దికొద్దిగా, మాటిమాటికీ. బక్కెట్లోంచి గటగటా తాగనివ్వద్దు.

గిన్నె ఎత్తులో పెట్టాలా వద్దా అని అందరూ అడుగుతారు. అన్నవాహిక బాగా సాగిపోయిందని ఎక్స్‌రేలో తేలితే ఎత్తుగా పెట్టి నిలబెట్టి తినిపించమంటారు. లేకపోతే కుక్కకి ఏది సుఖంగా ఉందో చూసి పెట్టండి. జూలీ ఎలా పెట్టినా పొలమారేది, అందుకే చేత్తోనే పెడుతున్నాను.

కుక్క కుప్పకూలితే

నాలుక, చిగుళ్ళు గులాబీ రంగు పోయి నీలంగానో, బూడిద రంగులోనో మారితే, మెడ చాచి, మోచేతులు దూరంగా పెట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని గాలి కోసం లాగుతుంటే, అది ఎమర్జెన్సీ. నోట్లో ఏదైనా ఇరుక్కుందేమో ఒక్క చూపు చూడండి, చెయ్యి పెట్టి కెలకొద్దు. నీళ్ళు తాగించొద్దు. చుట్టూ గుంపు చేరనివ్వకండి, పిల్లల్ని పక్కకి పంపండి. మీ గొంతులో కంగారు ఉంటే దానికీ టెన్షన్ పెరుగుతుంది, కాబట్టి మెల్లిగా మాట్లాడండి.

ఒళ్ళు వేడిగా ఉంటే కుళాయి నీళ్ళు కడుపు మీద, తొడల మధ్య, పాదాల మీద, వీపు మీద ధారగా పోస్తూ ఫ్యాన్ తిప్పండి. తడి తువ్వాలు కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే పట్టేస్తుంది. ముక్కులోకీ నోట్లోకీ నీళ్ళు పోకూడదు. మలద్వారంలో పెట్టి చూసే థర్మామీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 105 దాటిందంటే వడదెబ్బ కిందే లెక్క. నీళ్ళు పోస్తూ 103కి దిగగానే ఆపేయాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. ఈ పనంతా పది నిమిషాల లోపే. ఆ తర్వాత ఏసీ పెట్టిన కారులో ఆసుపత్రికి, దారిలోనే ఫోన్ చేసి "పెద్ద కుక్క, గొంతు పక్షవాతం, ఊపిరాడటం లేదు, ఆక్సిజన్ సిద్ధం చేయండి" అని ఇన్నే మాటలు చెప్పండి. అక్కడ మత్తు ఇస్తారు, అదే మొదటి మందు. కుక్క శాంతిస్తే గాలి అవసరం తగ్గుతుంది. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇవ్వొచ్చు, తప్పనిసరైతే గొంతులో గొట్టం వేస్తారు, లేదా మెడ దగ్గర శ్వాసనాళానికి చిన్న రంధ్రం చేస్తారు. రాత్రి పూట తెరిచి ఉండే ఆసుపత్రి ఏది, అక్కడ ఆక్సిజన్ ఉందా అన్నది ముందే వెళ్ళి కనుక్కోండి.

ఆపరేషన్ చేయించాలా

కూర్చున్నా పడుకున్నా కూడా ఊపిరికి తంటాలు పడుతుంటే, ఒకసారి కుప్పకూలి బతికి బయటపడితే, ఆపరేషన్ గురించి ఆలోచించాలి. టై బ్యాక్ అంటారు. ఒకవైపు రెక్కని కరగని దారంతో పక్కకి లాగి కుట్టేస్తారు, అది ఎప్పటికీ తెరిచే ఉంటుంది. రెండు వైపులా కుట్టరు, ఎందుకంటే అప్పుడు అన్నం ఊపిరితిత్తుల్లోకి పోవడం మరీ ఎక్కువవుతుంది. చాలా కుక్కలకి ఆ రోజు నుంచే ఊపిరి హాయిగా ఆడుతుంది. కానీ ఎప్పటికీ మూసుకోని దారి కాబట్టి న్యుమోనియా భయం బతికినంత కాలం ఉంటుంది. ఎవరైనా "ఆపరేషన్ చేయిస్తే అంతా నయం" అంటే నమ్మకండి, "వద్దు, ముసలిది, ఎందుకు" అన్నా ఊరికే తల ఊపకండి. పన్నెండేళ్ళ కుక్కలు కూడా చేయించుకుని బాగున్నాయి. వయసు కంటే ముందు చూడాల్సినవి ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయా, అన్నవాహిక ఎంత పాడైంది, వెనక కాళ్ళు ఎలా ఉన్నాయి అన్నవి. సర్జన్‌ని "ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు?" అని సూటిగా అడగండి. మేము చేయించలేదు. జూలీకి అన్నవాహిక బాగా వదులైపోయింది, అందుకని మా డాక్టరు గారు ఆగమన్నారు, మాకూ అదే సబబనిపించింది.

చేయించుకున్నవాళ్ళు నెల, నెలన్నర మొరగనివ్వకూడదు, పరిగెత్తనివ్వకూడదు, కుట్టు తెగొచ్చు. తిండి ముద్దలే. కృష్ణలోనూ కాలువలోనూ ఈత ఇక జీవితాంతం బంద్. లాబ్రడార్‌కి అది పెద్ద శిక్షే గానీ నీళ్ళు తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం, నీరసం, తిండి మానేయడం, నిద్రలో ఊపిరి లెక్క పెరగడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఎక్స్‌రే తీయించండి.

కాళ్ళు

గొంతు సంగతి చక్కబడినా కాళ్ళు నెమ్మదిగా బలహీనపడుతూనే ఉంటాయి. మార్బుల్, టైల్స్ నేల మీద వెనక కాళ్ళు జారి విడిపోతాయి. కుక్క తిరిగే దారి పొడవునా రబ్బరు మ్యాట్లు గానీ, పాత యోగా మ్యాట్లు గానీ పరవండి. పట్టాలు కాదు, అవే జారుతాయి. గోళ్ళు పొట్టిగా ఉంచండి, పాదాల కింద వేళ్ళ మధ్య పెరిగిన బొచ్చు కత్తిరించండి. రోజుకి రెండు మూడు సార్లు ఐదేసి నిమిషాలు నెమ్మదిగా నడిపించడం ఆపకండి, పూర్తిగా పడుకోబెడితే ఉన్న కండ కూడా కరిగిపోతుంది. మెట్లెక్కేటప్పుడు పాత నేత చీరని నాలుగు మడతలేసి కడుపు కింద, వెనక కాళ్ళకి ముందుగా వేసి, రెండు కొసలూ పైకి పట్టుకోండి. బరువు మీ చేతుల్లో పడాలి. హార్నెస్ పట్టుకుని ముందు నుంచి లాగొద్దు, అది ఛాతీని నొక్కితే ఊపిరి మళ్ళీ మొదటికొస్తుంది.